పిన్నికి రెండు పేర్లు

జగన్నాధం నాయుడుగారికి చత్వారం రాకపోయి ఉంటే ఏసుదానానికి రాజకీయాలు అబ్బేవి కావు.

నాయుడుగారిది జిల్లేడువలసలో రైసు మిల్లు. పాతపట్నానికి రెండు కోసుల దూరం. ఏసుదానం అక్కడ గుమాస్తా. బస్తాలు రాసుకోవడం, బళ్ళవాళ్ళకు చీటీలివ్వడం అతని పని. పొద్దున్న చిన్నరైలు పేపరు కట్ట దింపిపోయాక ఇంకో పని కూడా పడేది. నాయుడుగారు వరండాలో పడకకుర్చీలో వాలి కళ్ళు మూసుకుని, "ఏటోయ్, ఏటంటున్నారు ఢిల్లీవాళ్ళు?" అనేవారు. కళ్ళజోడు పెడితే ముసలివాడిలా కనిపిస్తానని ఆయన బాధ. అందుచేత ఏసుదానం పక్కన నిలబడి పేపరంతా పైకి చదివేవాడు.

చదువుతూ ఉంటే నాయుడుగారు మధ్యమధ్య ఓ మాట విసిరేవారు. "భూమి పంచితే మనిషికి గోచీగుడ్డంత వస్తాదోయ్. అందులో ఏటి వేస్తారు, తులసి మొక్కా?" అనేవారు. "కూలోడికి సంఘం ఎందుకు? చెయ్యి వెళ్ళి నోటితో తగువు పెట్టుకుంటే మాడేది కడుపే కదా" అనేవారు. మొదటి ఏడు ఏసుదానం నవ్వాలి గనక నవ్వాడు. రెండో ఏడు నవ్వు దానంతట అదే వచ్చింది. మూడో ఏడు వచ్చేసరికి ఆ మాటలు ఎవరివో మరిచిపోయి, పేటకు వెళ్ళి తన సొంతంలా చెప్పడం మొదలుపెట్టాడు.

పేట అంటే రైలుకట్టకు అవతల నలభై గడపలు. అందరిదీ నాయుడుగారి పొలాల్లో కూలే. అందులో సగంమంది బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. వాళ్ళకు రేకుల కప్పుతో చిన్న గుడి, నెలకు రెండుసార్లు వచ్చే పాస్టరు జ్ఞానానందంగారు ఉన్నారు. ఏసుదానం పుట్టింది అక్కడే. తల్లి దేముడమ్మ మూడేళ్ళవాణ్ణి వదిలేసి జ్వరంతో పోతే, పిన్ని ఎలీసమ్మ పెంచింది. తనకు పిల్లలు లేరు. భర్త కూర్మయ్య నాయుడుగారి దగ్గర కంబారిగా ఏడాది పొడుగునా పాలేరుతనం చేసి, ఆ పనిలోనే పోయాడు. గుంటణ్ణి చంకనేసుకుని ఊడ్పులకు పోయింది ఆమె. మిషను బోర్డింగు బడిలో చేర్చడానికి పొద్దు పొడవకముందు బయల్దేరి నడిపించుకుపోయింది ఆమె. ఏసుదానం ఎస్సెల్సీ దాకా చదివాడంటే పేటలో అందరూ ఆమెనే మెచ్చుకునేవాళ్ళు, అతణ్ణి కాదు.

ఎలీసమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ సాయంత్రం ఏసుదానం బైబిలు చదివి వినిపిస్తుంటే ఓ వాక్యం దాటేశాడో, "ఒరే, మద్దిన ఒకటి మింగేసినావు, కక్కు" అనేది. నాట్లలో పాట ఎత్తేది ఆమే. మేస్త్రీతో నోరెత్తి మాట్లాడేదీ ఆమే. దేవుడి పేరెత్తి ఏదన్నా అడిగితే మాత్రం గొంతు తగ్గించి, ఉన్నది ఉన్నట్టు చెప్పేది. పొరుగింటి దాలమ్మ తప్పిపోయిన తన కోడిని గురించి ఓసారి అలా అడిగితే, దాన్ని తిన్నది కూర్మయ్యేనని మొగుడి ఎదుటే చెప్పేసింది.

ఆమెకు రెండు పేర్లు. కన్నవాళ్ళు పెట్టింది అప్పలమ్మ. పాతికేళ్ళ వయసులో మహేంద్రతనయ ఏటి నీళ్ళలో మునిగి లేచాక పాస్టరు పెట్టింది ఎలీసమ్మ. పేటలో ఆ పేరే నిలిచింది. కరణంగారి పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు. "దొరల పేర్లు రాయడానికి నా కలం తిరగదు" అని ఆయన పాత పేరే ఉంచేశాడు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి గడపలోనూ ఇదే కథ. ఎవరికీ అది తప్పుగా గానీ తంటాగా గానీ తోచలేదు.

పందొమ్మిదివందల అరవై ఆరు చివర్లో కోతలప్పుడు పేట ఆడవాళ్ళు నాలుగు రోజులు కొడవళ్ళు దించారు. నాయుడుగారింట్లో కూలి కొలిచే కుంచం వేరు, ధాన్యం అమ్మేటప్పుడు కొలిచే కుంచం వేరు. ఏ కుంచంతో అమ్ముతారో ఆ కుంచంతోనే మాకూ కొలవండి అన్నారు. అంతే. ఎర్రజెండా సంఘం తరఫున పక్క ఊరి అప్పలసూరి వచ్చి కూడా ఉన్నాడు గానీ, ముందు నిలబడింది ఎలీసమ్మ.

మొదటి రోజు సాయంత్రం ఏసుదానం పిన్ని ఇంటికి వెళ్ళి, "ఇది చట్టవిరుద్ధం పిన్నీ" అన్నాడు.

"సట్టం అంతే ఏటిరా?"

"అంటే... గవర్నమెంటు."

"గవర్నమెంటు నాయుడి గాదిలో కూకుని కుంచం సెక్కినాదేటి?"

దాలమ్మ గోడ అవతలనుంచి కిసుక్కుమంది. ఏసుదానానికి ఒళ్ళు మండింది. "ఆ సంఘంవాళ్ళు మిమ్మల్ని పావుల్లా వాడుకుంటున్నారు. చెయ్యి వెళ్ళి నోటితో తగువు పెట్టుకుంటే..." అని మొదలుపెట్టాడు.

ఎలీసమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఆ మాట నాయుడు అన్నప్పుడే ఇన్నాన్రా. నీదేదైనా ఉంతే సెప్పు."

అయిదో రోజున నాయుడుగారు కుంచం మార్చారు. ఓడిపోయినట్టు కాక, దయతలచినట్టు మార్చారు. ఆ దయను గురించి మిల్లులో అందరికంటే గట్టిగా పొగిడింది ఏసుదానం.

రెండు నెలలు తిరిగేసరికి ఎలక్షన్లు వచ్చాయి. నాయుడుగారి బావమరిది ఏ పార్టీలోనూ చేరకుండా సొంతంగా నిలబడ్డాడు. అప్పటిదాకా ఎలక్షనంటే పేటకు నాయుడుగారి బళ్ళు రావడం, ఎక్కి వెళ్ళి చెప్పిన బొమ్మ మీద ముద్ర గుద్ది రావడం. ఈసారి బళ్ళు వద్దన్నారు. నడిచి వెళ్తామన్నారు. ఎలీసమ్మ మొదటి ఓటు వేస్తుంది, తక్కిన ఆడవాళ్ళు వరసగా వేస్తారు, అన్నీ కొడవలి గుర్తుకే. ఇది గుట్టుగా జరిగిన ఏర్పాటు కాదు, నూతి దగ్గర పదిమందీ చెప్పుకున్న సంగతే.

పేపరు చదవడం అయిపోయాక నాయుడుగారు ఓ రోజు నెమ్మదిగా అన్నారు. "పోలింగులో మన తరఫున ఓ మనిషి కూర్చోవాలోయ్. పేట ఆడవాళ్ళు ఎవరెవరో మావాళ్ళకి తెలీదు. నువ్వయితే అందరినీ ఎరుగుదువు. దొంగ ఓటు పడకుండా చూడ్డమే, మరేం లేదు." కండువాతో ముఖం తుడుచుకుని, "ముందు నడిచేది మీ పిన్నే కదూ? ఆవిడ వేసిందంటే తక్కినవాళ్ళూ వేస్తారు" అన్నారు, వాన కురుస్తుందేమో అన్నంత మామూలుగా.

ఆ క్షణంలో ఏసుదానాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగారు గనక చెప్పానన్న సాకు, తర్వాత ఎన్నిసార్లు తిరగేసుకున్నా అతనికి దొరకలేదు. నాయుడుగారికి తెలియనిది తనకొకటి తెలుసు. ఆ ఉబలాటంకొద్దీ నోరు జారింది.

"అసలు ఓటర్ల జాబితాలో ఎలీసమ్మ అని లేదండి. అప్పలమ్మ అని ఉంది."

నాయుడుగారు కళ్ళు తెరిచారు. "ఓహో" అన్నారు. లోపలికి కేకేసి ఏసుదానానికి కాఫీ తెప్పించారు.

పోలింగు ఊరి ఎలిమెంటరీ స్కూల్లో. ఆఫీసరు విజయనగరం నుంచి వచ్చిన కాలేజీ మేష్టారు. సన్నగా, మెత్తగా ఉన్నాడు. గోడవార బెంచీ మీద ఏజెంట్లు. ఈ చివర ఏసుదానం, ఆ చివర సంఘం తరఫున అప్పలసూరి. గుమ్మం పక్కన గ్రామ మునసబు ఉన్నాడు. ఆయన నాయుడుగారి పెదనాన్న కొడుకే.

ఆ పొద్దున్న ఏసుదానం ఒకటే కోరుకున్నాడు, పిన్ని ముందుగా రాకూడదని. వెనక ఎక్కడో వస్తే, అప్పటికే తక్కినవాళ్ళు వేసేసి ఉంటారు, తను అడ్డుకున్నా లాభం లేదని ఊరుకోవచ్చు. ఎలీసమ్మ తలంటుకుని, ఆదివారం గుడికి కట్టే తెల్లచీర కట్టుకుని, ఆడవాళ్ళ వరసలో అందరికంటే ముందు నిలబడి ఉంది. ఆమె వెనక దాలమ్మ. లోపలికి వస్తూనే అతణ్ణి చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

"అప్పలమ్మ, భర్త కూర్మయ్య" అని గుమాస్తా చదివాడు.

ఏసుదానం లేచాడు. గొంతు తనది కానట్టు వినిపించింది. "అభ్యంతరం ఉందండి. ఈవిడ అప్పలమ్మ కాదు."

ఎలీసమ్మ అది వేళాకోళం అనుకుంది. "ఓరి నీ తస్సాదియ్యా! నీకు ముడ్డి కడిగినదాన్ని, నానెవులో తెల్దేటిరా?" అంది. గుమ్మంలోని ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అప్పలసూరి నవ్వాడు. ఆఫీసరు కూడా పెదవి బిగబట్టి కాగితాల్లోకి చూశాడు.

ఆ నవ్వు లేకపోతే అక్కడితో ఆగేవాడేమో. ఆగేవాణ్ణేనని చాలాకాలం తనకు తను చెప్పుకున్నాడు. గదిలో ఉన్నవాళ్ళందరి ముందూ తను మళ్ళీ ముడ్డి కడిగించుకున్న పేట గుంటడైపోయాడు. చెవులు కాలిపోయాయి. ఆ మంటలో, ఎవరూ నేర్పని మాట ఒకటి అతని నోటివెంట వచ్చింది.

"దేవుడి ఎదుట నిజం చెప్పమనండి సార్. బాప్తిస్మంలో ఆవిడకి పెట్టిన పేరేటో అడగండి."

నవ్వు ఆగిపోయింది. ఎలీసమ్మ అతనివైపు చూసింది. కోపం లేదు. నడుస్తూ నడుస్తూ కాలికింద మెట్టు లేదని తెలిసిన మనిషిలా చూసింది.

"చెప్పమ్మా" అన్నాడు ఆఫీసరు. "ఏం పేరు?"

"ఎలీసమ్మ" అంది, గొంతు తగ్గించి.

"ఇక్కడ అప్పలమ్మ అని ఉందే?"

"అదీ నానే బాబూ. కన్నోలు ఎట్టిన పేరది."

అప్పలసూరి లేచిపోయాడు. "ఇదన్యాయం సార్! ఈ పేటలో సగంమందికి రెండు పేర్లే. ఆ కూకున్న పెద్దమనిషికీ తెలుసు!"

"మీది ఈ ఊరేనా?" అని అడిగాడు ఆఫీసరు. కాదు గనక కూర్చోబెట్టాడు. మునసబుని అడిగితే ఆయన మీసం సవరించుకుంటూ, "నాకు తెలిసినంతలో ఎలీసమ్మేనండి. ఆ మాట ఆవిడే చెప్తోందిగా" అన్నాడు.

ఆఫీసరుకు ఏదో నచ్చలేదు. కలం కింద పెట్టి, ఏసుదానం వైపు కాస్త వంగి, క్లాసులో వెనకబడ్డ కుర్రాణ్ణి అడిగినట్టు అడిగాడు. "చూడండి, మీరు ఈవిడ బంధువులని ఈవిడ మాటలనిబట్టే తెలుస్తోంది. కూర్మయ్య భార్య ఈవిడేనా, కాదా? మీరు ఔనంటే ఓటు ఇచ్చేస్తాను. మరెవర్నీ అడగను."

అంత సుళువుగా దారి తెరిచి ఇచ్చాడాయన. ఒక్క మాట. ఎలీసమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఎదురుచూసింది. ఆమె ముఖంలో ఇంకా కాస్త నమ్మకం ఉంది. కిటికీలోంచి చూస్తే దూరంగా చింతచెట్టు కింద నాయుడుగారి తెల్లగొడుగు కనిపిస్తోంది.

"ఈవిడ ఎలీసమ్మేనండి" అన్నాడు ఏసుదానం.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

దొంగ ఓటుకు వచ్చినా, పెద్దావిడ కదా అని పోలీసుకు అప్పగించకుండా పంపేస్తున్నానన్నాడు ఆఫీసరు. సిరాచుక్క పడని వేలితో ఎలీసమ్మ బయటికి నడిచింది. గుమ్మం దాటేముందు ఒక్కసారి ఆగి, "ఇంతేనా బాబూ? ఎల్లిపోమంతారా?" అని ఆఫీసరునే అడిగింది. ఏసుదానాన్ని కాదు.

వెనకే ఉన్న దాలమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. ఆమెకూ గుడిలో వేరే పేరుంది. "పదండే, పోదుం" అంది వరస అంతా వినేట్టు. "ఇంకా ఉంతే, ఈడు మన మొగుళ్ళని కూడా మన మొగుళ్ళు కారంతాడు." ఈసారి ఎవరూ నవ్వలేదు. పోలీసు అన్న మాట వరస చివరిదాకా పాకింది. రెండు పేర్లున్న ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వరసలోంచి జారుకున్నారు. ఏసుదానం లెక్కపెట్టాడు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాడు. ఎలీసమ్మతో కలిపి పన్నెండుమంది.

నాయుడుగారి బావమరిది తొమ్మిదివేల పైచిలుకు ఓట్ల మెజారిటీతో గెలిచాడు.

ఆ సంగతి పేపరులో పైకి చదివింది ఏసుదానమే. తొమ్మిదివేలు అన్న అంకెను రెండోసారి మనసులో చదువుకున్నాడు. పన్నెండు ఓట్లు పడినా పడకపోయినా ఒకటే. తను బెంచీ మీద నిద్రపోయినా ఆ మనిషి గెలిచేవాడు. పాపమైనా ఎవరికో అవసరమై చేశాననుకునే వీలు లేకుండా పోయింది. నాయుడుగారు కళ్ళు మూసుకునే, "చదవవోయ్, ఆగిపోయావేటి?" అన్నారు.

పాస్టరు జ్ఞానానందంగారు మరుసటి ఆదివారం వచ్చి సంగతి విన్నారు. ఆరాధన అయ్యాక ఎలీసమ్మను పక్కకు పిలిచి, ఏసుదానాన్ని గుడి సంఘం ముందు నిలబెట్టి అడగమంటావా అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఎందుకయ్యగారూ? ఆడు అబద్దం ఆడనేదు కదా" అంది. ఏసుదానం రెండు బారల దూరంలో చాపలు చుడుతున్నాడు. అతనికి వినబడింది.

ఎండాకాలం వచ్చేసరికి మిల్లులోనూ ఏదో తేడా పడింది. పేపరు చదవమనేవారు గానీ, తర్వాత ఇంటిసంగతులు మాట్లాడుకోవలసివస్తే, "బస్తాలు చూసిరా" అని పంపేసేవారు. ఎందుకో అతనికి అర్థం కాలేదు. ఓ రోజు శృంగవరపుకోట నుంచి వచ్చిన వియ్యంకుడితో నాయుడుగారు అంటూంటే కాటా వెనకనుంచి విన్నాడు. "పనిమంతుడే బావా. కానీ సొంత పిన్నిని కాదన్నోడు, రేపు అవసరమొస్తే మనల్ని అవునంటాడని ఏటి నమ్మకం?" ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో పగ లేదు. ఎద్దు సుడుల గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు.

ఆ సాయంత్రమే ఏసుదానం పిన్ని ఇంటికి బయల్దేరాడు. నాలుగు నెలలైంది ఆ గడప తొక్కి. క్షమించమని ఎలా అడగాలో దారిపొడుగునా కూర్చుకున్నాడు. ఆమె తిడుతుంది, తిట్టనివ్వాలి. చీపురు తిరగేసినా సరే, పడాలి. తిట్టాక ఏడుస్తుంది. ఏడ్చాక అన్నం పెడుతుంది. ఆమెను అతను ఎరుగును కదా.

ఎలీసమ్మ అరుగు మీద కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. మోకాళ్ళ నొప్పితో రెండు కాళ్ళూ ముందుకు చాపుకుంది. అతణ్ణి చూడగానే చేట పక్కన పెట్టి, నేల మీద చెయ్యి ఆన్చి, గోడ పట్టుకుని లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. నాయుడుగారో, కరణంగారో, మిల్లు లెక్కలవాళ్ళో అటు వస్తే పేట అంతా లేచి నిలబడేది అలాగే.

"రండి బాబూ" అంది. "కూకోండి." అరుగు కొంగుతో దులిపింది.

వెటకారమేమోనని ఆమె కళ్ళలోకి చూశాడు. వెటకారం ఉంటే బతికిపోయేవాడు. లేదు.

"పిన్నీ, నన్ను మీరంటావేటి?"

"మరేటనమంతారు? సదువుకున్నోలు. పెద్దోల పక్కన కూకున్నోలు."

"నన్ను తిట్టు పిన్నీ."

"తప్పు కాదేటి బాబూ." నెమ్మదిగా, నచ్చచెబుతున్నట్టు అంది. "మంచినీలు తాగుతారేటి? మా గలాసులో తాగరేమో. దాలమ్మ ఇంట్లో కొత్తది ఉన్నాది, తెప్పిస్తాను."

అతను ఆమె గ్లాసులోనే ఇమ్మన్నాడు. ఇచ్చింది. తాగాడు. అరుగు మీద అతను, ఎదురుగా నిలబడి ఆమె. కాసేపటికి ఆమె బరువు ఈ కాలి మీదనుంచి ఆ కాలి మీదకు మార్చుకోవడం చూశాడు. "కూర్చో పిన్నీ, మోకాళ్ళు" అన్నాడు. "పరవానేదు బాబూ" అంది. మరోసారి అన్నాడు. అదే జవాబు.

అప్పుడర్థమైంది. అతను అక్కడ కూర్చున్నంతసేపూ ఆమె కూర్చోదు.

లేచి వచ్చేశాడు. వీధి మలుపు తిరిగాక వెనక్కి చూస్తే, ఆమె గోడ పట్టుకుని ఒక్కొక్క కాలే మడుచుకుంటూ అరుగు మీదకు దిగుతోంది.

తర్వాత కూడా వెళ్ళాడు. అరవై ఎనిమిదిలో, తొమ్మిదిలో. కొండల వైపు పోలీసు వ్యాన్లు తిరుగుతున్న ఆ రోజుల్లో వరండాలో పేపరు చదువుతూనే ఉన్నాడు, నాయుడుగారు విసిరే మాటలకు తల ఊపుతూనే ఉన్నాడు. బుద్ధి తెచ్చుకుని ఎర్రజెండా పట్టాడని చెబితే బాగుండును గానీ, అది జరగలేదు. తలలో ఉన్న మాటల్లో తనవేవో నాయుడుగారివేవో విడదీసుకోవడం అతనికి చేతకాలేదు. విడదీసి చూస్తే తనవి ఏమీ మిగలవేమోనన్న భయం కూడా ఉండేది.

పిన్ని దగ్గరకు వెళ్ళినప్పుడు మాత్రం అరుగు ఎక్కేవాడు కాదు. దూరంనుంచి చూసి, ఆమె లేవబోతోందనిపిస్తే అక్కడినుంచే వెనక్కి తిరిగేవాడు. ఆమె నిద్రపోతూ ఉంటే మాత్రం కాస్త దగ్గరగా వెళ్ళి, తెచ్చిన నూకల మూట గుమ్మం పక్కన చప్పుడు కాకుండా దింపి, ఆమె మెలకువ రాకముందే వచ్చేసేవాడు.